ఊది చూడని సున్నపుతేట

మదీనాగూడలో మా అపార్ట్‌మెంటు గేటు ముందు పొద్దున ఏడింటికే స్కూలు బస్సులు బారులు తీరతాయి. ముంబై హైవే పొడవునా ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటూ బోర్డులు. బాల్కనీలో కూర్చుని చూస్తున్న అమ్మ ఒకరోజు, "ఇంతమంది ఆడపిల్లలూ సైన్సుకేనా?" అంది. ఆ గొంతులో సంతోషం ఒక్కటే లేదు.

అమ్మకి ఎనభై దాటాయి. 1950ల్లో కృష్ణా జిల్లాలో ఒక హైస్కూల్లో చదివింది. ఆక్సిజన్ అప్పుడు ఆమ్లజని, కార్బన్ డయాక్సైడ్ బొగ్గుపులుసు గాలి. మాస్టారు గొట్టంతో సున్నపుతేటలోకి ఊదితే అది తెల్లబడేది. మగపిల్లలు ముందుకెళ్లి ఊదేవారు. ఆడపిల్లలు వెనకబెంచీల్లోంచి చూసేవారు. పై తరగతిలో ఆ చూడటం కూడా పోయింది. వాళ్లకి గృహవిజ్ఞానం ఇచ్చారు. ఇంగ్లీషు నాన్‌డిటైల్డ్ మాత్రం అందరూ బట్టీ పట్టారు. అమ్మకి ఇప్పటికీ పేరాలకి పేరాలు వచ్చు. కానీ ఇంగ్లీషులో తనంతట తానుగా ఒక్క ప్రశ్న కూడా వేయలేదు.

ఇది ఒక్క బడి లోపం అనుకోలేం. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ నివేదికని ఒక సాహిత్య పాఠంలా చదివి చూడండి. పురుషులకి తెరిచి ఉన్న ప్రతి చదువూ స్త్రీలకీ తెరిచి ఉండాలని ఒకచోట చెబుతుంది. ఇంకోచోట బాలికల పాఠశాలల్లో గృహవిజ్ఞానానికి ప్రత్యేక వసతులు కావాలంటుంది. తలుపు తీసి, దారి మాత్రం వంటింటివైపు చూపించడం ఇది. ఆ కమిషన్ సభ్యుల్లో హంసా మెహతా ఒకరు. 1960ల మొదట్లో ఆమె అధ్యక్షతనే ఏర్పడిన మరో కమిటీ, ఆడా మగా భేదంతో పాఠ్యాంశాలు వేరు చేయడం సరికాదని తేల్చింది. 1964-66 కొఠారీ కమిషన్ పదేళ్ల బడిచదువులో సైన్సు, లెక్కలు అందరికీ తప్పనిసరి అంది. అప్పటికి అమ్మకి నేను పుట్టేశాను.

ఇటు హైదరాబాద్ రాజ్యంలో చిక్కు మరోరకం. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో సాగింది. దారుల్ తర్జుమా సైన్సు పుస్తకాలని ఉర్దూలోకి తెచ్చింది. దేశభాషలో సైన్సు చెప్పొచ్చని అది చూపించిన మాట నిజం. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడే అమ్మాయికి అదీ పరాయిదే. 1948 తర్వాత ఉర్దూ స్థానంలోకి ఇంగ్లీషు వచ్చింది. భాష మారింది గానీ, ఆ పిల్ల మాటకి బల్ల దగ్గర చోటు దొరికిందా అని ఎవరూ అడగలేదు.

మన సాహిత్యమైనా అడిగిందా? డాక్టర్ పి. శ్రీదేవి స్వయంగా వైద్యురాలు. 1950ల చివర్లో వచ్చిన ఆమె 'కాలాతీత వ్యక్తులు' ని మనం ఇందిర కోసం చదువుతాం. నేను ఈమధ్య ప్రకాశం కోసం మళ్లీ చదివాను. అతను వైద్య విద్యార్థి, రోగలక్షణాలని చూసి నిర్ణయానికి రావడం నేర్చుకుంటున్నవాడు. సొంత జీవితంలో మాత్రం మేనమామ మాట దాటి ఒక్క నిర్ణయం తీసుకోలేడు. ఎదుటివాళ్లని పరీక్షించి, తప్పయితే తప్పని తేల్చుకుని ముందుకు నడిచేది ఉద్యోగం చేసి ఇల్లు నడిపే ఇందిర. ప్రయోగశాల ప్రకాశానిది, ప్రశ్న ఇందిరది. సైన్సు డిగ్రీ వేరు, శాస్త్రీయ దృష్టి వేరు అని శ్రీదేవి ఉపన్యాసం లేకుండానే చూపించింది. ఈ నవల ఆధారంగా 1963లో వచ్చిన సినిమాకి 'చదువుకున్న అమ్మాయిలు' అని పేరు పెట్టారు. ఏం చదువుకున్నారు, ఎలా చదువుకున్నారు అన్నది మన విమర్శ కూడా పట్టించుకోలేదు. బడి గడప దాటడం దాకా రాసుకున్నాం. గడప లోపల బెంచీ ఎక్కడ వేశారో రాసుకోలేదు.

తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లోకీ ఇంగ్లీషు మీడియం వచ్చింది. పేదింటి ఆడపిల్లకి ఇంగ్లీషు వద్దనే హక్కు నాకు లేదు. దాని వల్ల బాగుపడ్డదాన్నే నేను. కానీ ఇంగ్లీషు ఇచ్చేశాం కాబట్టి సైన్సూ ఇచ్చేసినట్టే అనుకుంటే, అది అమ్మ బట్టీపట్టిన నాన్‌డిటైల్డే అవుతుంది.

మొన్న పక్క ఫ్లాట్ పాప సైన్సు పాఠం ఇంగ్లీషులో గడగడా అప్పజెబుతోంది. అమ్మ అంతా విని, "సున్నపుతేటలోకి నువ్వు ఊదావా తల్లీ?" అని అడిగింది.

"లేదు అమ్మమ్మా, వీడియో చూపించారు."

అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లి, సున్నం డబ్బా ఎక్కడుందని నన్నడిగింది.