నాణెముపై వన్నె: కాలము వేసినదా, మనిషి పూసినదా?

వెండి నల్లబడుననుట తెలుగు ఇండ్లలో ఎవరికిని చెప్పనక్కరలేని విషయము. పెట్టెలో దాచిన పట్టీలు కొన్నాళ్లకు మాసిపోవును. కోడిగ్రుడ్డు తగిలిన వెండి చెంచాకు మచ్చ పడును. విభూతితో తోమి ఆ నలుపు వదలించుట మన గృహిణులకు అలవాటు. నాణెములు సేకరించువారి లోకములో ఈ లెక్క తలక్రిందులగును. అక్కడ తోమిన నాణెమునకు ధర పడిపోవును; తనంతట తాను అందముగా వన్నె తిరిగిన నాణెమునకు ధర పెరుగును. లాభమున్న చోటికి మోసము వెదకికొని వచ్చును. కృత్రిమ వన్నె అట్లు పుట్టినదే.

అమెరికా దేశపు మోర్గాన్ డాలరు ఇందుకు మంచి ఉదాహరణము. నూటికి 90 పాళ్లు వెండి, 10 పాళ్లు రాగి గల ఈ నాణెమును చలామణి కొరకు 1878 నుండి 1904 వరకును, తిరిగి 1921లోను ముద్రించిరి. అయినను ఎన్నో నాణెములు చేతులు మారకయే, వేయేసి చొప్పున గుడ్డసంచులలో, ప్రభుత్వ ఖజానాలో దశాబ్దములు పడియుండెను. సంచి గుడ్డకు ఆనుకొనియున్న కొన్నింటికి ఇంద్రధనుస్సు రంగులు పట్టెను. వేరొక నాణెము కప్పియున్న మేర మాత్రము నెలవంకవలె తెల్లగా మిగిలెను.

ఈ రంగులు రంగు పదార్థము వలన వచ్చినవి కావు. గాలిలోను, గుడ్డలోను, కాగితములోను ఉండు గంధక సమ్మేళనములు వెండితో కలియగా సిల్వర్ సల్ఫైడ్ అను పలుచని పొర ఏర్పడును. దాని మందము మిల్లీమీటరులో పదివేలవ వంతుకు అటునిటుగా మాత్రమే ఉండును. పొర పైతలమునుండి మరలిన కాంతియు, క్రింది వెండినుండి మరలిన కాంతియు కలిసికొన్నప్పుడు కొన్ని రంగులు అణగి కొన్ని తేలును. నీటిపై నూనె తెట్టు రంగులీనుటకును ఇదియే కారణము. పొర మందగించిన కొలది లేత పసుపు, ఎరుపు కలిసిన ఊదా, నీలము వరుసగా కనబడును. తుదకు నలుపు మిగులును.

గంధకపు ద్రావణముతోను, వేడితోను ఇదే పొరను కొద్దికాలములో తెప్పించవచ్చును. అట్లు చేయువారి మొదటి వాదము, "రెండును సిల్వర్ సల్ఫైడే గదా, భేదమేమి?" అని. రసాయన శాస్త్రము ఈ వాదమును కాదనదు. కాని కొనువాడు సల్ఫైడు కొరకు సొమ్ము పోయుటలేదు. ఈ నాణెము ఇన్నేండ్లు ఎవరి చేయి తగులక నిలిచినదను సాక్ష్యమునకు పోయుచున్నాడు. భేదమే లేనిచో అమ్మువాడు "ఈ రంగు నేను వేసితిని" అని చీటీపై వ్రాయవచ్చునుగదా! వ్రాసినచో ధర పడిపోవును. ఆ తగ్గిన మొత్తమే అబద్ధము యొక్క వెల.

రెండవ వాదము, "నా నాణెము నా యిష్టము" అని. సిల్వర్ సల్ఫైడ్ బరువులో నూటికి 87 పాళ్లు వెండియే. ఆ వెండి నాణెము పైతలమునుండియే వచ్చును. రంగును తిరిగి కరగించినచో దానితో కొంత వెండియు పోవును. అచ్చు దెబ్బకు లోహము పారిన సన్నని గీతలు, వాటి వలని తళుకు క్షీణించును. సొంతదారు నేడు ఒకడు, రేపు ఇంకొకడు. పోయిన తలము ఎవరికిని తిరిగి రాదు.

నాణెముల నాణ్యత నిర్ణయించు సంస్థలపై భారము వేసి ఊరుకొనుటయు సరికాదు. 1986 నుండి పి.సి.జి.యస్., 1987 నుండి యన్.జి.సి. అను అమెరికా సంస్థలు నాణెములను పరీక్షించి, 70 వరకు గల కొలమానముపై అంకె వేసి, పెట్టెలో బిగించి ఇచ్చుచున్నవి. వన్నె అనుమానముగా తోచిన నాణెమునకు మామూలు అంకె ఇయ్యక ఆ లోపమును పేర్కొనును. ఇది మెచ్చదగినదే. అయితే ఆ తీర్పు ముఖ్యముగా అనుభవము గల కంటి తీర్పు. పొర మందమును కొలువవచ్చును గాని, అది ఎన్నేండ్లలో పేరుకొన్నదో మందము చెప్పదు. గంధకము, తేమ, వేడిమి ఎక్కువైనచో ఏండ్ల పని త్వరలోనే జరిగిపోవును. గంధకము గల అట్టల ఆల్బములో కావలెనని ఉంచి, కొన్నేండ్లు వేచి రంగు తెప్పించినవాడు ఏ పక్షము వాడు? పెట్టెపై చీటీ ఇట్టి ప్రశ్నకు జవాబు చెప్పజాలదు.

దీనికి జవాబు మ్యూజియములలో దొరకును. అక్కడి నిపుణులును పాత వెండిని తాకుదురు, శుభ్రపరతురు. కాని ఏమి చేసిరో, ఎప్పుడు చేసిరో వ్రాసియుంతురు. కనుక తప్పు తాకుటలోనే లేదు, దాచుటలో ఉన్నది. నాణెమును గూర్చి తెలిసినది తెలిసినట్లు, తెలియనిది తెలియదని చెప్పి అమ్మువాడు రంగు వేసినను మోసగాడు కాడు. నోరు మెదపక కాలము పేర సొమ్ము పుచ్చుకొనువాడు, ఆ పొర ఎంత పలుచనిదైనను, నాణెము చరిత్రనే మార్చి అమ్ముచున్నాడు.