వేటకథలలో నాటుతుపాకి

మన ప్రబంధములలో వేటకు కొఱత లేదు. పెద్దన స్వరోచిని వేటకు పంపెను. ధూర్జటి తిన్నని చేత విల్లుపట్టించి తుదకు శివుని యెదుట నిలిపెను. తుపాకికి మన గ్రంథములలో గౌరవము కలిగినది తిరుగుబాటుతో. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలనుండి తుపాకులు గొనిపోయిన వృత్తాంతమును ఎందఱు ఎన్ని విధముల వ్రాసిరో లెక్క లేదు. అది వ్రాయదగినదే. కాని ఆ కృష్ణదేవిపేటకు చేరువనున్న రోలుగుంట కొండలలో కుందేటికొఱకో అడవికోడికొఱకో నాటుతుపాకి మోయువాడు మన వచనమున నెక్కడ? దినపత్రికలోని నాలుగు పంక్తుల నేరవార్తయందే వాడు మనకు కానవచ్చును.

ఆ వార్త అబద్ధమని మేమనము, చాలదందుము. వ్రాసినవాడు పనిముట్టునైన పరికింపలేదు. ఒక యినుపగొట్టము, ఒక కఱ్ఱపిడి. నల్లమందును మూతినుండి పోసి, పీచో గుడ్డపేలికో కుక్కి, సీసపు గుళ్ళు వేసి, కడ్డీతో దట్టింపవలెను. తగులునది ఒక్క దెబ్బ. గుఱి తప్పినచో మరల మొదటినుండి ఇదంతయు చేయునప్పటికి కుందేలు కొండ దాటును. మందు చెమ్మగిలిన పేలదు, ఎక్కువైన గొట్టము పగులును. ఏలయన ఆ గొట్టము వేఱొక పనికై చేసినది. మందు మోతాదు కంటిచూపు లెక్క. పగిలినచో పోవునవి వేటగాని వ్రేళ్ళు, ఒక్కొకప్పుడు కన్ను. చీకటిలో పొద కదలెనని కాల్చి తోడివానినే కూల్చుటయు కలదు. విషాదకథకు ఇంతకన్న ఏమి కావలెనో మన కథకులు సెలవీయవలెను!

ఇక వాడేల పోవును? ఆకలి యొక్కటే కాదు. విశాఖ మన్యమున చైత్రమాసమందు ఇటుకల పండుగకు మగవారు వేటకు వెడలుదురు. వట్టిచేతులతో వచ్చినవానిపై ఆడువారు పేడనీళ్ళు చల్లి నవ్వుదురు. ఆ నవ్వునకు జంకి అడవికి పోవువాని మనస్సు నవలకు తగినది కాదా?

చట్టము మాట. లైసెన్సులేని తుపాకిని 1959 నాటి ఆయుధ చట్టమును, వేటను 1972 నాటి వన్యప్రాణి చట్టమును నిషేధించినవి. 2006 నాటి అటవీ హక్కుల చట్టము సైతము అడవిబిడ్డల హక్కులలో వేటను చేర్చలేదు. అది సరియేయని మా అభిప్రాయము. అడవిలో మిగిలిన ప్రాణులు కొన్నియే. అయినను చట్టము చెప్పినంతనే కథ ముగిసినదనుకొనుట రచయిత సోమరితనము. రోలుగుంట మండలమున ఆర్ల పంచాయతీ కొండపల్లెలనుండి రోగులను డోలీలలో మోసికొని దిగిన వార్తలు చదువరులెఱుగుదురు. గొట్టము పగిలి చేయి తెగినవాడును ఆ డోలీలోనే దిగవలెను. దిగి, వైద్యుడు గాయమెట్లు తగిలెనని యడిగినప్పుడు, నిజము చెప్పిన ఠాణా, చెప్పకున్న చేయి. వాని భార్య ప్రక్కనే నిలుచుండి యుండును. ఆమె ఏమి చెప్పును?