ముఖేడ్ ఇండ్లలో ఆడుబిడ్డల పేరులు

హైదరాబాదు రాష్ట్రమునుండి 1956లో బొంబాయి రాష్ట్రమున కలిసి, 1960లో మహారాష్ట్రమునకు చెందిన మా ముఖేడ్ తాలూకాలో, కొత్తావార్, మామిడ్వార్ వంటి ఇంటిపేరుల తుదియందు మన ‘వారు’ మరాఠీ వేషముతో నేటికిని నిలిచియున్నది. ఆ యిండ్లలోని ముసలమ్మల పేరులను ఓపికతో అడిగి తెలిసికొన్నచో, తెలుగు తల్లిని మరాఠీ తల్లిని ఒక్కతీరున వణికించిన భయమొకటి వానిలో కానవచ్చును.

పుట్టిన బిడ్డలు వరుసగా పురిటిలోనే పోవుచుండగా, మరల కలిగిన పసికందును పెంటకుప్పపై క్షణకాలముంచి, పొరుగింటి ముత్తయిదువచేత తీయించి, చేటెడు తవుటికి ఆమెయొద్దనుండి తిరిగి కొనుక్కొని, పెంటమ్మ యనియో తవిటమ్మ యనియో పిలుచుకొనుట తెలుగుదేశమున తరతరముల ఆచారము. ఎంగిలి విస్తళ్లపై పొరలించిన బిడ్డ పుల్లమ్మ యయ్యెను. ఇదే తలంపుతో మరాఠీ తల్లి తన కూతును కచరాబాయి యనెను, ధోండాబాయి యనెను, దగడాబాయి యనెను. చెత్తను రాతిని మృత్యువు కన్నెత్తి చూడదని ఆమె యాశ! ఈ పేరులు విని చదువుకొన్నవారు నవ్వునపుడు నా మనస్సు మిక్కిలి నొచ్చును. లలితా సహస్రనామములలోని ఏ నామమునకును తీసిపోని ప్రార్థన ఆ మోటుపేరులలో నున్నది. హైదరాబాదు విమోచన సమరమున రజాకార్ల నెదిరించిన మరాఠ్వాడా వీరనారి దగడాబాయి శేళకే పేరునకు ‘రాయి’ యని యర్థమెరిగి నవ్వగలవా రెవ్వరు?

వీనిని ‘నకోశీ’ యను పేరుతో జతపరచువారు గలరు, అది యన్యాయము. పెంటమ్మ తల్లి బిడ్డ బ్రతుకవలెనని కోరి ఆ పేరు పెట్టినది. కొడుకుకై యెదురుచూచి, మరల ఆడుపిల్లయే పుట్టెనను విసుగుతో పెట్టిన నకోశీ యను పేరునకు అర్థము ‘వద్దనిపించినది’. పేరు పెట్టి పిలిచినప్పుడెల్ల వద్దనిపించుకొనుచు పెరుగు బాలిక హృదయ మెట్లుండును? 2011 అక్టోబరులో సాతారా జిల్లాయందు 280కి పైగా బాలికలు బహిరంగ సభలో ఆ పేరును విడిచి, తమకు నచ్చిన పేరులు స్వీకరించుట నాకు పరమసంతోషము గలిగించిన వార్త.

పేరు చెప్పుమని నాయొద్దకు వచ్చు యువదంపతులు నేడు కోరునది వేరు: రెండు మూడక్షరములకు మించరాదు, బడిలో మరియొక బాలికకు ఉండరాదు. అట్లడిగిన యొక దంపతులకు నేను ‘మంజీర’ యని చెప్పితిని. ఆ యింటి పెద్దాయన మనుస్మృతి నుదహరించెను. స్త్రీనామము సుఖముగా నుచ్చరింపదగినదియు, మంగళకరమును, దీర్ఘాంతమును కావలెనని ద్వితీయాధ్యాయమున విధించిన ఆ గ్రంథము, నక్షత్రముల, వృక్షముల, నదుల పేరుగల కన్యను పెండ్లాడరాదని తృతీయాధ్యాయమున నిషేధించుచున్నది. నిజమే. అయినను గోదావరీతీరమున నెలకొన్న మా నాందేడ్ జిల్లాలో గోదావరీబాయి, గంగూబాయి లేని వీథి యెక్కడ? రోహిణులను, రేవతులను, తులసులను కోడండ్రుగా తెచ్చుకొనని వంశమేది? ఈ యొక్క విషయమున మన పూర్వులు స్మృతిని కాదని నదులనే యింటికి పిలిచిరి. వారు చేసినది సరియే యని నా దృఢవిశ్వాసము.

బీడ్ జిల్లా బాలాఘాట్ కొండలలో పుట్టి, లాతూరు, బీదరు, మెదకు సీమలను తడిపి, కందకుర్తి యొద్ద గోదావరిలో కలియు మంజీర, మరాఠీ కన్నడ తెలుగు రైతుల ముగ్గురి చేలకును నీరైన నది. కాలి యందెకును అదే పేరు. పెద్దాయన శాంతించినను, మరాఠీ బడిలో చదివిన బిడ్డ తల్లికి మరియొక సందేహము కలిగెను. ఆ నదిని మరాఠీవారు ‘మాంజరా’ యందురు, పిల్లికి వారి మాట ‘మాంజర్’, తోడిపిల్లలు ఏడిపింతురేమో! ఆ తల్లి భయము తీసివేయదగినది కాదు. అందుచేత పండ్రెండవనాటి బారసేలో మేనత్త తొట్టెలయొద్ద చెవిలో చెప్పునప్పుడును, పురపాలక కార్యాలయమున జననము నమోదు చేయించునప్పుడును, తెలుగు రూపమే వాడుడనియు, ‘జీ’కి దీర్ఘము తప్పక వ్రాయింపుడనియు వారికి చెప్పి పంపితిని.