నవ్వుల కూలి

వరినాట్లు జోరుగా సాగుతున్న ఒక పొద్దున మా షూటింగ్‌కి వచ్చిన పెద్దమ్మ, కెమెరా ముందు నిలబడేలోపే అడిగింది: "ఇయ్యాల నాటుకు పోతే పొద్దుగూకంగ కూలి చేతుల పడేది బిడ్డా. మరి గిక్కడ నాకెంత వస్తది?"

మా దగ్గర జవాబు లేదు. కరీంనగర్‌కి దగ్గర్లోని ఒక ఊళ్లో నలుగురు స్నేహితులం హాస్య వీడియోలు తీస్తున్న రోజులవి. స్క్రిప్టు నాది, కెమెరా ఒకడిది, ఎడిటింగ్ ఇంకొకడిది, ఛానెల్ పాస్‌వర్డ్ నాలుగోవాడిది. అప్పటికి పైసా రాలేదు. "వచ్చినంక ఇస్తం పెద్దమ్మా" అన్నాం. ఆమె కొంగు బిగించి, చెప్పిన సీను చేసి, మధ్యాహ్నం రెండింటికి ఇంటికి పోయింది. ఆ రోజు ఆమె పోగొట్టుకున్నది నికరమైన కూలి. మేం ఇచ్చింది మాట.

డబ్బు వస్తుందన్న నమ్మకం మాకు ఊరికే కలగలేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. అంతకుముందు పట్నం పిల్లలు చూసే యూట్యూబ్ మా ఊరి రచ్చబండ మీదికొచ్చింది. మన యాస, మన పొలంగట్టు, మన ఇంటి కొట్లాట ఫోన్‌లో కనిపిస్తే జనం ఆగి చూస్తున్నారు. ఆ నవ్వుకి ధర ఎవరు కడతారో, ఎలా కడతారో మాత్రం మాకు తెలియదు.

తర్వాత నేర్చుకున్నాం. ధర కట్టేది ప్రకటన ఇచ్చేవాళ్లు. మామూలు వీడియో మీద వచ్చే ప్రకటన ఆదాయంలో తీసినవాళ్లకి 55 శాతం, మిగతాది యూట్యూబ్‌కి. షార్ట్స్‌కి 2023 ఫిబ్రవరి నుంచి లెక్క వేరు: ప్రకటనల డబ్బు ఒకచోట పోగుచేసి, పాటల ఖర్చు తీసి, వ్యూస్‌ని బట్టి పంచిన వంతులో 45 శాతం. ఆ పంక్తిలో కూర్చోవడానికి కూడా 2018 జనవరిలో ఒక గీత గీశారు: వెయ్యిమంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ. గీత దాటాక ఖాతాలో పది డాలర్లు పడితే చిరునామా సరిచూసుకోవడానికి పిన్ నంబరుతో ఒక కవరు పోస్టులో వస్తుంది. వంద డాలర్లు నిండితేగాని బ్యాంకుకి డబ్బు రాదు. మా కవరు వచ్చిన రోజు పోస్ట్‌మ్యాన్‌కి చాయ్ తాగించాం.

ఛానెల్ పెట్టాలనుకునే ప్రతి ఒక్కరూ నన్నడిగేది ఒకటే: "లక్ష వ్యూస్‌కి ఎంతొస్తది అన్నా?" దానికి ఒక రేటంటూ లేదు. అదే స్కిట్‌ని మెట్‌పల్లిలో ఒకరు, డాలస్‌లో ఒకరు చూస్తే డాలస్ వ్యూకే ఎక్కువ పలుకుతుంది. అక్కడ ప్రకటన ధర అంత. ఆ అమెరికా వ్యూస్ మీద వచ్చే దాంట్లో 2021 జూన్ నుంచి అక్కడి పన్ను పట్టుకుంటున్నారు. ఫారం సరిగ్గా నింపిన భారతీయులకి అది 15 శాతం. అప్పులు, షేర్లు, ఇన్సూరెన్స్ గురించి చెప్పే ఛానెల్‌కి దొరికే రేటు అత్తాకోడళ్ల హాస్యానికి దొరకదు. దసరా, దీపావళి రోజుల్లో పెరిగిన రేటు సంక్రాంతి నాటికి జారిపోతుంది. ఇంత ఎగుడుదిగుడు ఆదాయాన్ని నమ్ముకుని చేస్తున్న ఉద్యోగం మానేస్తానన్న కుర్రాణ్ని నేను ప్రతిసారీ వారించాను.

డబ్బు తక్కువ రావడం కన్నా, ఆ డబ్బు నవ్వుని ఎలా మార్చిందన్నది నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఒక స్కిట్‌లో పెద్దమ్మ కొత్తల్లుడి కోసం కోడిని పట్టబోతుంది. అది దొరకదు. వాకిట్లో మంచం మీద కూర్చున్న అల్లుడు "తొందరేం లేదత్తా, రాత్రిదాక ఉంట" అంటాడు. "గా ముచ్చట కోడికి చెప్పు అల్లుడా" అన్నది నేను రాసిన జవాబు. ఆమె వెంటనే అనలేదు. ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుంది, గోడెక్కిన కోడి వంక చూసింది, అల్లుడి వంక చూసింది. అప్పుడు మెల్లగా అంది. ఆ ఆగడం నా కాగితంలో లేదు. డెబ్బై ఇళ్ల ఊళ్లో నలభై ఏళ్లుగా కోడళ్లతో, అల్లుళ్లతో, ఆసాములతో మాట్లాడి మాట్లాడి ఆమె సంపాదించుకున్నదది. ఊళ్లో అరుగు మీద ఆడవాళ్లకి ఆ వీడియో చూపిస్తే, మాట రాకముందే, ఆమె కోడి వంక చూసినప్పుడే నవ్వు మొదలైంది.

వారం తర్వాత ఛానెల్ లెక్కలు తెరిచి చూశాం. ఏ క్షణంలో ఎంతమంది చూస్తున్నారో చెప్పే గీత ఒకటుంటుంది. సరిగ్గా ఆమె ఆగిన చోటే అది కిందికి జారింది. కొందరు వేలితో తోసేసి వెళ్లిపోయారు. తర్వాతి వీడియో నుంచి ఎడిటింగ్ చేసే మిత్రుడు ఆమె ఆగిన ప్రతి చోటా కత్తెర పెట్టాడు. గీత జారకుండా నిలిచింది, వ్యూస్ పెరిగాయి. మళ్లీ అరుగు మీద చూపించాం. నవ్వారు గాని మాట అయిపోయాక, కొద్దిగా. పెద్దమ్మ తన వీడియో తనే చూసుకుని "నన్నెవలో తరుముతున్నట్టున్నదేంది బిడ్డా?" అంది.

2020 జులైలో యూట్యూబ్ నిబంధన ఒకటి మారింది. వీడియో మధ్యలో ప్రకటన వేసుకోవడానికి అంతకుముందు పది నిమిషాల నిడివి ఉండాలి, అప్పట్నించి ఎనిమిది చాలు. మా కథలు సహజంగా అయిదు నిమిషాలవి. వాటిని ఎనిమిదికి సాగదీయడానికి కిరాణా కొట్టు దగ్గర ఒక కొట్లాట, బస్టాండ్‌లో ఒక పాట చేర్చాం. అవసరమైన ఆగడాన్ని కోసి, అక్కర్లేని సీన్లు అతికించాం. అది మేం చేసిన తప్పే. గీత చూసి కథకుడు కొంత నేర్చుకోవచ్చు, కానీ ఎక్కడ ఆగాలో నటికి వదిలేయాలి.

అలా వదిలేసినవాళ్లు మాకు దగ్గర్లోనే ఉన్నారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మై విలేజ్ షో మొదలుపెట్టారు. యాభై దాటిన గంగవ్వని, చదువు రాని కూలిమనిషిని, బీడీలు చుట్టిన మనిషిని కెమెరా ముందుకు తెచ్చారు. డైలాగు చదివి వినిపిస్తే ఆమె తన మాటల్లో తనే అంటుంది. ఆమె మాటకి ఉన్న జీవం అక్కడిదే. 2020లో బిగ్‌బాస్ నాలుగో సీజన్‌కి వెళ్లి, ఆరోగ్యం సహకరించక మధ్యలో తిరిగొచ్చినా, ఆ తర్వాత ఊళ్లో సొంత ఇల్లు కట్టుకుంది. 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లోనూ కనిపించింది.

విశాఖపట్నం నుంచి 2013లో 'వైవా' వీడియోతో వచ్చిన హర్ష చెముడు ఆ వీడియో పేరునే ఇంటిపేరు చేసుకుని సినిమాల్లో స్థిరపడ్డాడు. పొట్టి వీడియోల నుంచే వచ్చిన సుహాస్ హీరోగా, హర్ష తోడుగా 2020లో వచ్చిన 'కలర్ ఫోటో'కి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు దక్కింది. వీళ్లందరి దారి చూస్తే ఒకటి తెలుస్తుంది: యూట్యూబ్ నుంచి నెలనెలా వచ్చేది సంపాదనలో ఒక పాలు. మిగతా పాళ్లు సినిమాలు, షోలు, ఊరి పండగలకి పిలుపులు, ఇంకా ప్రమోషన్లు.

ప్రమోషన్ దగ్గరే కాలు జారుతుంది. నూనె కంపెనీకో చీరల దుకాణానికో రెండు మాటలు చెబితే, ఆ డబ్బు ఒక్కోసారి నెల మొత్తం ప్రకటన ఆదాయాన్ని దాటిపోతుంది. వస్తువు ఉచితంగా ఇచ్చినా, దాని విలువ ఏడాదిలో 20 వేలు దాటితే 2022 జులై నుంచి పదిశాతం పన్ను కోత ఉంది. అది పెద్ద చిక్కు కాదు. పెద్ద చిక్కు బెట్టింగ్ యాప్‌లతో వచ్చింది. నవ్వించి దగ్గరైన మొహాలు ఆ యాప్‌లని నమ్మమని చెప్పాయి. 2025 మార్చిలో హైదరాబాద్‌లో పోలీసులు కేసులు పెట్టారు. అదే ఏడాది ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. పెద్దమ్మ చెప్పిందని మా ఊళ్లో ఏ పిల్లగాడైనా అందులో డబ్బు పెట్టి ఉంటే, ఆమె ఆ వాకిట్లో తలెత్తుకుని తిరగగలిగేదా? మాకూ అలాంటి ఫోన్ వచ్చింది. వద్దన్నాం. మా మూడేళ్ల పనిలో నేను గర్వంగా చెప్పుకునేది అదొక్కటే.

మా ఛానెల్ ఆగిపోవడానికి కారణం చాలా చిన్నది. ఖాతా ఒకడి పేరున ఉంది, డబ్బు అతని బ్యాంకులో పడేది. ఎవరి వాటా ఎంతో మేం ఏ రోజూ రాసుకోలేదు. రెండో ఏడాది చివర లెక్కలు అడిగితే అనుమానిస్తున్నారన్నాడు. అడగకపోతే మాకు కడుపుమంట. మూడో ఏడాది విడిపోయాం. ఛానెల్, దాంట్లోని మా కథలూ, పెద్దమ్మ నవ్వూ అతనికే ఉండిపోయాయి.

మిగిలిన ముగ్గురం కూర్చుని పెద్దమ్మ మాతో గడిపిన రోజులు లెక్కపెట్టాం. ముప్పై ఒకటి తేలాయి. నాటు కూలి లెక్కన తలా ఇంత వేసుకుని ఇంటికి తీసుకుపోయి ఇచ్చాం. ఆమె నోట్లు లెక్కపెట్టుకుని, కొంగున ముడేసుకుని, "ఇంకెప్పుడు తీస్తరు?" అని అడిగింది.

ఇప్పుడు ఛానెల్ పెట్టబోతున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నా వేడుకోలు ఒకటుంది. కెమెరా కొనేముందు ఒక కాగితం రాసుకోండి. ఖాతా ఎవరి పేరున, పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర, వచ్చిన రూపాయిలో ఎవరికెంత, ఏమీ రాని నెలలో నటించిన మనిషికి ఆ రోజు కూలి ఎవరు ఇవ్వాలి, అన్నీ రాయండి. చదువు రానివాళ్లకి చదివి వినిపించి, వేలిముద్ర వేయించి, ఒక కాపీ వాళ్ల చేతికివ్వండి. ఆ తర్వాతే మొదటి సీను తీయండి.