కాలయంత్రం చేసిన రెండు ప్రయాణాలు

వైజ్ఞానిక కల్పన అనగానే మన ఉపాధ్యాయులలో కొందరు పెదవి విరుస్తారు. సినిమాలు, బొమ్మల కథలు, వీడియో ఆటలు చదువుకు అడ్డమని వారి వాదం. విద్యార్థులు మాత్రం వీటిని గురించి గట్టి అభిప్రాయాలే పెట్టుకొని ఉంటారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పిల్లలు భౌతికశాస్త్రం గంట కాగానే మాట్లాడుకొనే మాటలలో ఒకదానిని ఇక్కడ పరిశీలింపదలచాను. అది ‘ఆదిత్య 369’ చిత్రాన్ని గురించినది. రాయలవారి కాలానికి వెళ్ళిన భాగం నిజమనిపిస్తుందట. భవిష్యత్తుకు వెళ్ళిన భాగం వట్టి బొమ్మలాట అట.

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో ఈ చిత్రం 1991లో విడుదలైనది. 2025లో మెరుగుపరచిన ప్రతి మరల ప్రదర్శితమైనది కనుక నేటి బాలురకు కూడా ఇది కొత్త కాదు. హెచ్. జి. వెల్స్ 1895లో ప్రచురించిన ‘ది టైమ్ మెషీన్’ నవల దీనికి ప్రేరణ. ఒక శాస్త్రజ్ఞుడు నిర్మించిన కాలయంత్రంలో నాయికానాయకులు 1526వ సంవత్సరపు విజయనగరానికి, తరువాత 2504వ సంవత్సరానికి వెళతారు. నాయకుని పాత్రను, శ్రీకృష్ణదేవరాయల పాత్రను ధరించిన నందమూరి బాలకృష్ణగారు 2014 నుండి హిందూపురం శాసనసభ్యులు. కాబట్టి మా ఊళ్ళలో ఈ చిత్రాన్ని విమర్శించడం కొంచెం సాహసమే!

మొదట దాని ఘనతను ఒప్పుకోవాలి. 1947లో ఆరంభమైన ‘చందమామ’ కథలలో మాంత్రికుడు మంత్రదండం తిప్పితే మనిషి మాయమవుతాడు. ఎట్లా అని ఎవరూ అడగరు. మంత్రం చోట యంత్రం వచ్చినదంటే ‘ఎట్లా?’ అనే ప్రశ్న కూడా వెంట వస్తుంది. తెలుగు ప్రేక్షకుని చేత ఆ ప్రశ్న అడిగించడం చిన్న పని కాదు.

ఇక పిల్లల మాటకు వద్దాం. 1526 మనకు నిజమనిపించడానికి కారణం యంత్రం కాదు, పెనుకొండ. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత తిరుమలరాయలు రాజధానిని అక్కడికే మార్చినాడు. కోటగోడలు, గగనమహలు నేటికీ కళ్ళ ఎదుట ఉన్నవి. హిందూపురం దగ్గరి లేపాక్షిలో పదునారవ శతాబ్దపు చిత్రాలు ఆలయపు కప్పుమీద కనబడుతూనే ఉన్నవి. చూచిన వస్తువు గనుక నమ్ముతున్నాము. 2504ను ఎవరూ చూడలేదు గనుక నవ్వుతున్నాము. శాస్త్రం చెప్పేది ఇందుకు సరిగా విరుద్ధం.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగుళూరుకు పోయే ఒకే రైలు మార్గం మీద ఉన్నవి. ఆ మార్గంలో బండి ఇటూ పోతుంది, అటూ పోతుంది. కాలాన్ని కూడా ఇట్టి పట్టాల జత అనుకోవడం వల్లనే ఈ తికమక. వేగంగా పోయేవాని గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ 1905లో చూపినాడు. 1971లో హాఫెలె, కీటింగ్ అనే పరిశోధకులు సీసియం గడియారాలను విమానాలలో భూమి చుట్టూ తిప్పినారు. తూర్పుగా తిరిగి వచ్చినవి నేలమీది గడియారాలకంటె సుమారు 59 నానోసెకండ్లు వెనుకబడినవి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు ఉండి వచ్చిన వ్యోమగామి మనకంటె సుమారు 0.005 సెకండు తక్కువ వయసుతో దిగుతాడు. అనగా అతడు ఆ మేరకు మన భవిష్యత్తులోకి వచ్చినట్లే.

ఇదే లెక్కను పెంచి చూడండి. 1991 నుండి 2504కు 513 సంవత్సరాలు. ప్రయాణీకునికి ఒక్క సంవత్సరమే గడవాలంటే అతని వేగం కాంతి వేగానికి సెకండుకు సుమారు 570 మీటర్లు మాత్రమే తక్కువగా ఉండాలి. అట్టి వాహనం మన చేతిలో లేదు. కాని ప్రకృతి నియమం దానిని నిషేధించదు. వెనుకకు పోవడం సంగతి వేరు. 1949లో గోడెల్ అనే గణితవేత్త గతానికి దారి తీసే పరిష్కారాన్ని సాపేక్షతా సమీకరణాలలో చూపినాడుగాని, అది వర్ణించే భ్రమణ విశ్వం మన విశ్వం కాదు. కాబట్టి బొమ్మలాట అని పిల్లలు తోసివేసిన ప్రయాణమే సూత్రరీత్యా సాధ్యమైనది. అయితే 2504 నుండి ఇంటికి తిరిగి రావడం కూడా గతానికి పోవడమే గదా! నాయికానాయకులు అక్కడే ఉండిపోవలసి వచ్చేది.

ఒక విద్యార్థి దీనికి అడ్డు చెప్పినాడు. వీడియో ఆటలో ఓడినప్పుడు ముందు భద్రపరచిన చోటికి తిరిగి పోవచ్చును గదా అని. మంచి ప్రశ్న. అక్కడ వెనుకకు పోయేది తెరమీది బొమ్మ, యంత్రపు జ్ఞాపకంలోని అంకెలు. ఆడేవాని చేతి గడియారం ముందుకే నడిచినది. ఫోను బ్యాటరీ కూడా అంతమేర తరిగినది.

ఈ చిత్రాన్ని నిజంగా నిలదీయవలసిన చోటు 2504లోనే ఉన్నది. మూడవ ప్రపంచ యుద్ధపు రేడియోధార్మికతకు వెరచి మనుషులు భూగర్భంలో నివసిస్తుంటారు. యుద్ధం జరిగి ఎంత కాలమైనదన్నది ఇక్కడ ముఖ్యం. అణుబాంబు ధూళిలో చిరకాలం బాధించే వాటిలో సీసియం-137 ప్రధానమైనది. దాని అర్ధాయువు సుమారు 30 సంవత్సరాలు. నూరేండ్లకు పదవ వంతు, మూడు వందల ఏండ్లకు వెయ్యవ వంతు మిగులుతుంది. ప్లుటోనియం-239 అర్ధాయువు 24 వేల సంవత్సరాలన్న మాట నిజమే. కాని అది క్షీణించే వేగం అంత తక్కువ గనుక అదే సంఖ్య పరమాణువుల నుండి వెలువడే కిరణాలూ తక్కువే. 1945లో బాంబులు పడిన హిరోషిమా, నాగసాకీలు నేడు జనంతో నిండిన నగరాలు. 1986లో ప్రమాదం జరిగిన చెర్నోబిల్ పరిసరాలలో మాత్రం నేటికీ నివాసానికి ఆంక్షలున్నవి. తొమ్మిదవ తరగతి పిల్లలచేత కూడా నల్లబల్లమీద ఈ లెక్క వేయించవచ్చును. యుద్ధం 2204లో జరిగి ఉంటే, ఆ భూగర్భవాసులలో ఒకరైనా ఒక గైగర్ కౌంటర్ తీసుకొని పైకి వచ్చి చూడవలసిన సమయం ఎప్పుడో దాటిపోయినది.