టీ నీళ్లు పెట్టని ఇల్లు

కడవరి దిన పరిశుద్ధుల మతంలో ఇంటి పనినీ దైవభక్తినీ విడదీసి చూడటం కష్టం. ఏం తాగాలి, ఏ పూట పస్తుండాలి, ఇంట్లో గింజలు ఎన్నాళ్లకు సరిపడా ఉండాలి, సోమవారం సాయంత్రం ఇంటిల్లిపాదీ ఏం చేయాలి, ప్రార్థన మందిరంలో కసువు ఎవరు ఊడ్చాలి, ఇవన్నీ వాళ్లకు మతవిషయాలే. లోకం వీళ్లను మోర్మన్లని పిలుస్తుంది. సంఘం అసలు పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. ఆ పూర్తి పేరుతోనే పిలవమని 2018 నుంచి సంఘం పెద్దలు గట్టిగా కోరుతున్నారు. కర్నూలు, కడప జిల్లాల వాళ్లలో చాలామందికి ఈ పేరు కొత్తే కావచ్చు. కానీ వీళ్ల ఇళ్లలో నడిచే పద్ధతులు వింటే, వాటిలో సగం తమ అవ్వ ఇంట్లో చూసినవే అనిపిస్తాయి.

సంఘం 1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో మొదలైంది. స్థాపించిన జోసెఫ్ స్మిత్ రైతు బిడ్డ. అప్పటికి ఆయన వయసు 24 ఏళ్లు. కుమోరా అనే గుట్టలో పాతిపెట్టి ఉన్న బంగారు రేకులు 1827లో తనకు దొరికాయనీ, దైవసాయంతో వాటిని ఇంగ్లీషులోకి మార్చాననీ ఆయన చెప్పారు. అదే మోర్మన్ గ్రంథము. భూమిలో దాచిన గ్రంథం అనగానే సీమవాళ్లకు బనగానపల్లె గుర్తొస్తుంది. గరిమిరెడ్డి అచ్చమ్మ ఆవుల్ని కాస్తూ, అవి చుట్టూ గీసిన గీత దాటకుండా మేస్తుంటే, రవ్వలకొండ గుహలో కూర్చుని వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానం రాశారని ఇక్కడి నమ్మకం. ఆ పత్రాలను పాతిన చోట మొలిచిన చింతచెట్టు కిందే చింతమాను మఠం వెలిసిందని చెబుతారు. రెండు మతాల సిద్ధాంతాలకూ పొంతన లేదు. అయినా పసులకాపరి చేతి రాతను పూజించే నేలకు, పొలం పనుల్లో పెరిగిన యువకుడు తెచ్చిన గ్రంథం మరీ వింతగా తోచనక్కర్లేదు.

ఈ మతం మన వైపుకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి 1853లో రిచర్డ్ బాలంటైన్ అనే ప్రచారకుడు మద్రాసులో దిగారు. కడప, కర్నూలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. కడపలో లండన్ మిషన్ అనే క్రైస్తవ ప్రచారసంస్థ అప్పటికే మూడు దశాబ్దాలుగా పాతుకుని ఉంది. బాలంటైన్ ప్రయత్నం పెద్దగా సాగలేదు. 1854లో ఆయన వెనుదిరిగారు. రెండోసారి వచ్చింది దొరల దారిలో కాదు, అల్లుడి దారిలో. హైదరాబాదు వాళ్లయిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ ధర్మరాజు దంపతులు సమోవా దీవుల్లో ఉన్నప్పుడు ఈ సంఘంలో చేరారు. 1978 డిసెంబరులో హైదరాబాదుకు వచ్చి ఆ విషయం అయినవాళ్లకు చెప్పారు. బంధువుల్లో 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎల్సీ తండ్రి పి. శ్రీనివాసం బాప్టిస్టు పాస్టరు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగు చేసిన పెద్దమనిషి ఆయనే. ఎంపిక చేసిన భాగాలు 1982లో తెలుగులో అచ్చయ్యాయి. కొన్ని సమాజాలు కలిసిన విభాగాన్ని వీళ్లు స్టేక్ అంటారు. భారతదేశంలో మొదటి స్టేక్ 2012 మే 27న హైదరాబాదులోనే ఏర్పడింది. విశాఖపట్నంలోనూ రాజమండ్రిలోనూ సమాజాలున్నాయి. దేశంలో మొదటి దేవాలయాన్ని బెంగుళూరులో కడతామని 2018లో ప్రకటించి, 2020 డిసెంబరులో పనులు మొదలుపెట్టారు. చదువుకో కొలువుకో బెంగుళూరు, హైదరాబాదు బస్సెక్కే సీమ పిల్లలకు తెల్లచొక్కాకు పేరుపట్టీ పెట్టుకుని జంటగా నడిచే కుర్రవాళ్లు ఎదురుపడితే, వాళ్లు ఈ సంఘం ప్రచారకులే.

వీళ్ల ఆహారనియమం వెనక ఒక ఇల్లాలి కష్టం ఉంది. 1833 నాటికి జోసెఫ్ స్మిత్ ఒహాయో రాష్ట్రం కర్ట్‌లాండ్‌లో ఒక దుకాణం మేడమీద గదిలో శిష్యులకు పాఠం చెప్పేవారు. వచ్చినవాళ్లు చుట్టలు, పైపులు ముట్టించేవారు, పొగాకు నమిలి నేల మీదే ఉమ్మేసేవారు. పాఠం ముగిశాక ఆ నేల కడగాల్సింది ఆయన భార్య ఎమ్మా. ఎంత రుద్దినా మరక పోయేది కాదని ఆమె మొరపెట్టుకున్నారనీ, అది ఆలోచిస్తూ స్మిత్ దేవుణ్ని అడిగితే కొత్త ఆజ్ఞ వచ్చిందనీ తర్వాతి నాయకుడు బ్రిగం యంగ్ చెప్పేవారు. ఫిబ్రవరి 27న వెలువడిన ఆ ఆజ్ఞ పేరు జ్ఞాన వాక్యము. ఖైనీ ఉమ్ములూ కిళ్లీ మరకలూ పడిన బేతంచెర్ల బండల్ని చీపురుకట్టతో, బూడిదతో తోమిన ఆడవాళ్లకు ఎమ్మా బాధ వివరించి చెప్పనక్కర్లేదు. మతచరిత్రల్లో నేల కడిగేవాళ్ల గోడు ఇంత దూరం వినిపించిన సందర్భాలు తక్కువ. ఈ ఒక్క కారణానికైనా ఎమ్మా పేరు గుర్తుంచుకోవాలి.

జ్ఞాన వాక్యము సారాయినీ పొగాకునూ వద్దంటుంది, వేడి పానీయాలనూ వద్దంటుంది. వేడి పానీయాలంటే టీ, కాఫీ అని సంఘం అర్థం చెప్పింది. అభ్యంతరం వేడి మీద కాదు కాబట్టి వేడిపాలు తాగవచ్చు, పొగలు కక్కే రాగంబలీ తాగవచ్చు. చిక్కు వచ్చేది మర్యాద దగ్గరే. తెలుగింట్లో గడప దాటగానే వినిపించే మాట ‘టీ తాగుతావా?’ అనే. వద్దంటే ఇంటామె ముఖం చిన్నబోతుంది, తన చేతి టీ నచ్చలేదేమో, తన ఇల్లే నచ్చలేదేమో అనుకుంటుంది. నిజానికి సీమ పల్లెల్లో టీ మర్యాద మరీ పాతదేం కాదు. ముత్తాతల కాలంలో ఎండన పడి వచ్చిన మనిషికి ముందు చెంబెడు నీళ్లు, తర్వాత మజ్జిగో అంబలో ఇచ్చేవారు. కడవరి దిన పరిశుద్ధుల ఇల్లు ఈ ఒక్క విషయంలో ఆ పాత పద్ధతికి దగ్గరగా ఉంటుంది.

ఆ ఆజ్ఞలోనే పశువుల ప్రస్తావన కూడా వస్తుంది. మాంసం పొదుపుగా తినాలనీ, ధాన్యమే మనిషికి బలమనీ చెప్పి, ఏ గింజ ఎవరికో పంచుతుంది: గోధుమ మనిషికి, మొక్కజొన్న ఎద్దుకు, ఓట్స్ గుర్రానికి. పొగాకు మనిషి ఒంటికి పనికిరాదంటూనే, దెబ్బలకూ జబ్బుపడిన పశువులకూ తెలివిగా వాడవచ్చంటుంది. సేద్యం చేసేవాళ్ల మధ్య పుట్టిన మాట అని చదవగానే తెలుస్తుంది. ఎద్దులకు ఉలవగుగ్గిళ్లు, బర్రెలకు జొన్నచొప్ప, మనిషికి జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి అని మెట్టసేద్యం చేసే ఇంట్లోనూ ఈ పంపకం తరాలుగా నడిచింది. ఎద్దు మేయకముందే యజమాని కంచం ముందు కూర్చోకూడదన్న నియమం పాటించిన ఇళ్లు ఇక్కడ చాలానే ఉండేవి. జంతువులకూ ఆత్మ ఉందని ఈ సంఘం 1832 నుంచి బోధిస్తోంది.

స్మిత్‌కు ఒక కుక్క ఉండేది. పెద్ద మాస్టిఫ్ జాతి కుక్క, పేరు మేజర్. 1834లో ఆయన అనుచరులతో ఒహాయో నుంచి మిస్సోరికి కాలినడకన బయల్దేరినప్పుడు అదీ వెంట నడిచింది. దారిలో సిల్వెస్టర్ స్మిత్ అనే అనుచరుడి మీద అది మొరిగితే, కరిస్తే చంపేస్తానని అతను బెదిరించాడు, జోసెఫ్ స్మిత్ కుక్క పక్షాన నిలిచి గట్టిగా మందలించారు. అదే ప్రయాణంలో ఒకచోట గుడారాలు వేస్తుంటే మూడు గిలకపాములు కనిపించాయి. చంపబోయిన వాళ్లను ఆయన ఆపారు. మనిషి తన కోపస్వభావం వదలనిదే పాము తన విషం ఎట్లా వదులుతుందని అడిగారు. ఆ మనుషులు పాముల్ని కర్రలతో ఎత్తి వాగు అవతల వదిలారు. శనగ చేలో కట్టెలతో పాముల వెంటపడే మన ఊళ్లలోనూ పిల్లలకు చెప్పాల్సిన కథ ఇది.

సోమవారం సాయంత్రం కుటుంబానిది. వారానికోసారి తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి కూర్చోవాలని 1915లోనే సంఘం పెద్దలు ఉత్తరం రాశారు. 1970 నుంచి ఆ రోజు సోమవారమని స్థిరపడింది, ఆ సాయంత్రం సంఘం వేరే కార్యక్రమాలేవీ పెట్టదు. ఒక పాట, ఒక ప్రార్థన, చిన్న పాఠం, ఒక ఆట, చివర తినడానికి ఏదో ఒకటి, ఇంతే క్రమం. పాఠం చెప్పే వంతు పదేళ్ల పిల్లకూ రావచ్చు. వారంలో ఎవరు నీళ్లు పట్టాలి, ఎవరు కుక్కకు అన్నం పెట్టాలి, ఎవరు బట్టలు మడవాలి అన్న పంపకాలు కూడా అక్కడే తేలే ఇళ్లున్నాయి. సెల్‌ఫోను వెలుతురులో తలా ఒక మూల కూర్చునే ఈ కాలపు ఇళ్లకు, ఏ మతం వారివైనా, ఈ పద్ధతి అరువు తెచ్చుకోదగింది.

నెలలో మొదటి ఆదివారం ఉపవాసం. రెండు పూటలు అన్నమూ నీళ్లూ ముట్టరు, ఆ రెండు పూటలకు అయ్యే ఖర్చును పేదలకోసం సంఘానికి ఇస్తారు. శనివారం ఒక్కపొద్దు ఉండే వెంకటేశ్వరుడి భక్తులకూ, రంజాను రోజాలు పాటించి జకాత్ ఇచ్చే కడప, కర్నూలు ముస్లింలకూ ఇందులో కొత్త ఏమీ కనబడదు. తాను మానిన ముద్ద ఇంకొకరి కంచంలోకి చేరాలన్నదే మూలం. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి సొంత గాదెల్లోని గింజలతో వేలమందికి అంబలి పోయించినప్పుడూ జరిగింది ఇదే.

కరువు మాట వచ్చింది కాబట్టి నిల్వల గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఈ మతస్థులు వేధింపులకు తాళలేక పడమటికి వలసపోయి 1847 జూలైలో ఉటాలోని సాల్ట్ లేక్ లోయలో దిగారు. వానలు తక్కువ, నేల గట్టి. నాగలి దిగకపోతే వాగుకు అడ్డుకట్ట వేసి నీళ్లు పారించి నేల నానబెట్టారు. ఆ అనుభవంతో ఇంట్లో గింజ నిలవ పెట్టడం వాళ్లకు మతధర్మమైంది. ధాన్యం దాచే బాధ్యతను 1876లో బ్రిగం యంగ్ ఆడవాళ్లకు అప్పగించారు. వాళ్లు కోసిన చేలల్లో పరిగె ఏరుకున్నారు, చందాలు పోగుచేశారు, సొంతంగా ధాన్యపు కొట్లు కట్టించారు. ఆ గింజలు 1906లో భూకంపం పాలైన శాన్ ఫ్రాన్సిస్కోకు పిండిగా చేరాయి. మొదటి ప్రపంచయుద్ధం నాటికి కూడిన గోధుమలను 1918లో అమెరికా ప్రభుత్వం కొనుక్కుంది. అవి 2 లక్షల బుషెళ్ల పైచిలుకు, అంటే దాదాపు 5,400 టన్నులు.

సరిగ్గా ఆ 1876లోనే సీమలో ధాత కరువు మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, బళ్లారి, కడప ఉన్నాయి. నిల్వ చేసే తెలివి ఇక్కడి ఇళ్లకు కొత్త కాదు. భూమిలో గొయ్యి తవ్వి, లోపల చుట్టూ జొన్నచొప్ప పరిచి, గింజలు పోసి, పైన మన్ను కప్పే పాతర ఈ ప్రాంతపు పాత పద్ధతే. తెరిచినప్పుడు లోపలి చెడుగాలి ప్రాణం తీయగలదని తెలిసి, మనిషిని దించేముందు దీపం దించి చూసేవారు. కానీ ఎవరి పాతర వాళ్లదే. పాతర లేని కూలీ ఇంటికి ఆ కరువులో ఆసరా లేకపోయింది. ఉటా ఆడవాళ్లు చేసిన మేలు ఇక్కడే కనిపిస్తుంది: ఇంటి పాతరను ఊరుమ్మడి పాతర చేశారు. ఇప్పటికీ సంఘం ప్రతి ఇంటినీ మూడు నెలలకు సరిపడా తిండి సమకూర్చుకోమంటుంది, తాగునీళ్లూ కొంత డబ్బూ పక్కన పెట్టుకోమంటుంది. పాతది ముందు వాడి కొత్తది వెనక పెట్టడం వారం వారం పని, పురుగు పట్టకుండా చూడటం ఇంకో పని. బియ్యంలో వేపాకు వేసి, కందిపప్పు ఎండబెట్టే ఇల్లాళ్లకు ఇది తెలియనిదేమీ కాదు.

వీళ్ల స్థానిక సమాజాల్లో జీతం తీసుకునే పాస్టరు ఉండరు. బిషప్పు కూడా వారమంతా తన ఉద్యోగమో వ్యాపారమో చూసుకుని, మిగిలిన వేళల్లో సంఘం పని చూస్తారు. అందుకే మందిరం శుభ్రం చేయడమూ సభ్యుల వంతే. చాలాచోట్ల శనివారాల్లో కుటుంబాలు వంతులవారీగా వచ్చి బెంచీలు తుడిచి, మరుగుదొడ్లు కడుగుతాయి. ఆఫీసరైనా విద్యార్థి అయినా చీపురు పట్టాల్సిందే. మరుగుదొడ్డి కడగడం ఫలానా కులానిదని ఇంకా అనుకునే మన సమాజంలో దీని విలువ ఎక్కువ. సీమలో అన్ని గుళ్లూ మసీదులూ చర్చీలూ ఈ ఒక్క పద్ధతి పాటించినా ఎంతో మేలు.

ఈ మతస్థులు ఎవరైనా మీ ఇంటికి వస్తే టీ కోసం బలవంతపెట్టకండి. వద్దన్నారని నొచ్చుకోకండి. పెరుగు చిలికిన మజ్జిగో, బెల్లం వేసిన రాగిజావో, నిమ్మకాయ పిండిన నన్నారి షర్బత్తో ఇవ్వండి. గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడుగుతారు.