చేయెత్తిన రాయి

హోసూరు, కృష్ణగిరి పల్లెల్లో తిరిగేవాళ్లకు మాస్తికల్లు కొత్త కాదు. నిలువు కంబం, దాని పక్కనుంచి పొడుచుకొచ్చి మోచేతి దగ్గర పైకి తిరిగిన చెయ్యి, ముంజేతికి గాజులు, కొన్నిటిలో వేళ్ల మధ్య నిమ్మపండు. మొగుడి చితిలో కాలిపోయిన ఆడమనిషికి ఊరు నిలిపిన గుర్తు అది. పసుపు కుంకుమలు పెట్టి మొక్కుతారు. చెక్కిన చేతుల నేర్పుకు దండం పెడతాను. కానీ ఆమె బతికిన బతుకును వదిలేసి చచ్చిన తీరును మాత్రమే రాతికెక్కించడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

అందుకే సూర్యాపేటలో పుట్టి, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన జి. రవీందర్‌రెడ్డి బొమ్మలంటే నాకంత ఇష్టం. ఫైబర్‌గ్లాస్‌తో చేసిన నిలువెత్తు ఆడ తలలు, కొప్పునిండా పూలు, రెప్పవాల్చని పెద్ద కళ్లు. మన బస్టాండుల్లో, సంతల్లో కనిపించే ఆడవాళ్లే వాళ్లు. ఎవరి చావుకూ గుర్తులు కారు.

శిల్పి మృణాళినీ ముఖర్జీ (1949–2015) ఇంకో అడుగు ముందుకేశారు. ఉలి జోలికి పోకుండా, రంగులద్దిన జనపనార తాళ్లను ముడి మీద ముడి వేసి నెలల తరబడి ఒక్కో రూపాన్ని అల్లారు. 1984 నాటి ‘యక్షి’, 1994 నాటి ‘వనశ్రీ’ అలా పుట్టినవే. ఆ మడతల్లో ఒకవైపు ఆడరూపం, ఇంకోవైపు విచ్చుకుంటున్న పువ్వు. ఏది ఎక్కడ మొదలైందో చెప్పలేం. ఆడతనాన్నీ అడవినీ ఇంత దగ్గరగా చూపిన శిల్పి మన దేశంలో మరొకరు లేరని నా నమ్మకం.

అడవిలాగే కొండా ప్రకృతే. మా వైపు రాయంటే కొండ. మల్లచంద్రం గుట్ట మీద వేల ఏళ్ల కిందటి మనుషులు బండలు నిలిపి రాక్షసగుళ్లనే సమాధులు కట్టుకున్నారు, గుట్ట మాత్రం గుట్టగానే ఉంది. ఇప్పుడు క్వారీల్లో నిలువునా కోసిన రాతిగోడల మీద వరుసగా డ్రిల్లు గాడులు. అలా కోసిన కొత్త దిమ్మెతో ‘ప్రకృతిమాత’ను చెక్కించడం నా దృష్టిలో అన్యాయం.

కూడళ్లలో బొమ్మలు నిలపాలనుకునే పెద్దలకు ఒక్క మనవి. గ్రానైట్ యూనిట్ల బయట ముక్కరాళ్లు గుట్టలుగా పడున్నాయి, వాటినే శిల్పుల చేతికివ్వండి. హోసూరు గులాబీ తోటల్లో పొద్దు పొడవకముందే పూలు కోసే ఆడవాళ్లను చెక్కించండి, వాళ్లు బతికుండగానే.